పెంపుడు కోళ్లకు దురద, పేలు, బొబ్బలు: ఎలా చూడాలి, ఏం చేయాలి

కోడి ఈకలు సర్దుకోవడం, మట్టిలో పొర్లడం, కాలితో తల గోక్కోవడం రోజూ ఉండేదే. అది రోగం కాదు. మేత ఎదురుగా ఉన్నా తినకుండా గోక్కుంటున్నా, పొద్దుగూకినా గూట్లోకి పోనని మొండికేస్తున్నా, పొదిగే పెట్ట గుడ్లు వదిలేసి లేచొస్తున్నా అప్పుడు పట్టించుకోవాలి. నెల్లూరు, ప్రకాశం వైపు ఈ బాధ రెండు కాలాల్లో ఎక్కువ. వానలు వెలిసి దోమలు లేచాక ఒకసారి, ఎండలు ముదిరి గూట్లో ఉక్క పట్టాక ఇంకోసారి.

అప్పుడు చాలా ఇళ్లలో చెయ్యి ముందు పోయేది మిరపతోటకు కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా మీదికి. లేదంటే కిరసనాయిలు సీసా. రెండూ వద్దు. కోడి తన ఈకల్ని తానే ముక్కుతో దువ్వుకుంటుంది కాబట్టి ఒంటి మీద ఏది రాసినా సగం కడుపులోకి పోతుంది. మిరపకు, పత్తికి, పొగాకుకు కొట్టే మందులు రెండు కిలోల పక్షి తట్టుకునేవి కావు. కిరసనాయిలు చర్మాన్ని కాల్చేస్తుంది. దురద పోవచ్చు, కోడి కూడా పోవచ్చు.

అసలు మందు గురించి ఆలోచించే ముందు తేలాల్సింది ఒకటి: కొరికే పురుగు కోడి ఒంటి మీద కాపురం ఉంటోందా, గూట్లో ఉండి రాత్రిపూట వచ్చిపోతోందా? ఒంటి మీద ఉండేదానికి గూడు కడిగినా, గూట్లో ఉండేదానికి కోడికి స్నానం చేయించినా లాభం లేదు. మా వైపు ‘ఎన్ని మందులు వేసినా తగ్గట్లేదబ్బా’ అనే మాట వినబడిన చోట నూటికి తొంభై పాళ్లు ఇదే తిరకాసు.

పట్టుకోవడం, చూడటం

పగలు వెంటబడి పట్టుకుంటే కోడి బెదిరిపోతుంది, మనకు ఆయాసం. చీకటి పడ్డాక దండె మీద కునికేటప్పుడు రెండు చేతులతో రెక్కలు మూసి పట్టుకుంటే కిక్కురుమనదు. ఒడిలో పెట్టుకుని పాత తువ్వాలు చుట్టండి. రొమ్మును మాత్రం గట్టిగా అదమొద్దు. కోడికి మనలాగా ఊపిరి తీసే పొర ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది. పిల్లలు ముద్దు కొద్దీ గట్టిగా హత్తుకుంటారు, వాళ్లకు ఇది ముందే చెప్పాలి.

‘ఒళ్లు కాలిపోతోంది, జ్వరం’ అని కంగారు పడేవాళ్లు చాలామంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. చేత్తో పట్టి కోడి జ్వరం చెప్పలేం, పారాసిటమాల్ జోలికి పోవద్దు.

ఇప్పుడు ఫోన్ లైటు వేసి మలద్వారం చుట్టూ ఉన్న ఈకల్ని ఎదురు దువ్వండి. ముందు చూడాల్సింది అక్కడే. తర్వాత రెక్కల కింద, మెడ వెనక, తల మీద. ఈక మొదట్లో, చర్మానికి ఆనుకుని తెల్లటి ముద్దలు అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. వెలుతురు పడగానే గడ్డి రంగు పురుగులు చర్మం మీద పరుగెత్తి ఈకల్లోకి దూరిపోతాయి. రెప్పపాటులో దాక్కుంటాయి కనుక ఒక చోట కనబడలేదని వదిలేయొద్దు, పక్క ఈకలు కూడా తిరగేయండి. ఈకలు జిడ్డుగా నల్లబడి, చర్మం మీద పెచ్చులు కట్టి, కదిలే నల్ల చుక్కలు కనబడితే అవి పేలు కాదు, ఒంటి మీదే ఉండి రక్తం తాగే నల్లులు (మైట్స్, మంచం నల్లులు వేరు).

ఏమీ కనబడలేదా? అయినా తురాయి పాలిపోయి, కోడి నీరసంగా ఉందా? అయితే నేరం గూటిది. రాత్రి పదింటప్పుడు టార్చి పట్టుకుని మళ్లీ గూటి దగ్గరికి వెళ్లండి. దండె గోడకు ఆనే చివర, పలకల సందుల్లో, గంప అల్లికలో ఒక తెల్ల గుడ్డ పెట్టి గట్టిగా రుద్దండి. గుడ్డ మీద ఎర్రటి గీతలు పడితే రక్తం తాగిన ఎర్ర నల్లులు ఉన్నట్టే. పగలు చూస్తే అదే సందు దగ్గర ఉప్పూ కారం కలిపి చల్లినట్టు బూడిద రంగు పొడి ఉంటుంది. మట్టిగోడ పగుళ్లలో చపటగా, తోలులా ఉండే పెద్దవి దొరికితే అవి కోడి పిడుదులు.

పేలకు

పేను పుట్టుక, పెరుగుట, చావు అంతా కోడి ఒంటి మీదే. కిందపడితే కొద్ది రోజులకే చస్తుంది. మనుషుల మీద కాపురం ఉండదు. కోడిని పట్టుకున్నాక చేతుల మీద పాకితే చిరాగ్గా ఉంటుంది గానీ కడుక్కుంటే సరి. కాబట్టి వైద్యం కోడి ఒంటికి చేయాలి.

ఒకటో రెండో కోళ్లుంటే వేపనూనె చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చిన్న చెంచాల వేపనూనె, పావు చెంచా గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి బాగా గిలకొట్టండి. సబ్బు లేకపోతే నూనె పైకి తేలిపోయి మందంతా ఒకేచోట పడుతుంది. గుడ్డ ముంచి మలద్వారం చుట్టూ, రెక్కల కింద, పొట్ట మీద ఈక మొదళ్లు తడిసేలా అద్దండి. తల దగ్గర వేలితో రాయండి, కళ్లలో పడకూడదు. పొద్దున తొమ్మిది, పది మధ్య చేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. ముసురు పట్టిన రోజు, ధనుర్మాసపు చలిలో కోడిని తడపొద్దు.

పేల గుడ్ల మీద ఈ మందు పెద్దగా పనిచేయదు. అవి నాలుగు నుంచి ఏడు రోజుల్లో పగులుతాయి. ఏడో రోజు నుంచి పదో రోజు లోపు రెండోసారి రాయాలి. ఆ తర్వాత వారానికి మళ్లీ ఈకలు తిరగేసి చూసి, ఉంటే మూడోసారి. అందరూ మొదటిసారి శ్రద్ధగా చేసి రెండోసారి మర్చిపోతారు. పేలు తిరిగొచ్చాయని మందును తిడతారు. పెరట్లో ఉన్న కోళ్లన్నింటికీ ఒకే రోజు చేయాలి, పుంజును కూడా వదలొద్దు.

కోళ్లు ఎక్కువుంటే, పేలు విపరీతంగా ఉంటే పశువుల ఆసుపత్రిలో అడిగి పెర్మెత్రిన్ పొడి తీసుకోండి. కుక్కలకు గోమార్లు పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందు కోళ్లకు వేయకండి. అందులో చాలావాటిలో ఫిప్రోనిల్ ఉంటుంది. 2017లో నెదర్లాండ్స్‌లో కోళ్ల షెడ్లలో నల్లులకు ఈ మందును చట్టవిరుద్ధంగా వాడితే అది గుడ్లలో తేలింది. లక్షలాది గుడ్లు పారబోయాల్సి వచ్చింది, యూరప్ అంతా గగ్గోలు పుట్టింది. మన పెరటి గుడ్డు తినేది మన పిల్లలే.

సీతాఫలం గింజల పొడి సంగతి కూడా చెప్పాలి. ఉదయగిరి, మార్కాపురం వైపు కొండసీతాఫలాలు విరివిగా దొరుకుతాయి, గింజలు నూరి పేలకు రాయడం పాత అలవాటు. పేలు చస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పొడి కంట్లో పడితే కంటిపొర దెబ్బతింటుంది, కోడికైనా మనిషికైనా. రెక్క విదిలిస్తే ఎగిరే పొడిని కోడికి రాయడం నాకు నచ్చదు.

పొదిగే పెట్టకు పేలు పడితే తడపకూడదు, గుడ్లు చల్లబడతాయి. కింద ఉన్న గడ్డి తీసేసి కాల్చేయండి. కొత్త గడ్డి పరిచి దాని కింద ఎండిన వేపాకు, వావిలాకు వేయండి. పెద్దవాళ్లు వావిలి మండలు గూట్లో వేసేది ఇందుకే.

ఇక రోజువారీ కాపుదల మట్టి స్నానమే. వాన తగలని మూల పాత టబ్బు పెట్టి మూడొంతులు పొడి ఇసుక, ఒక వంతు జల్లించిన కట్టెల బూడిద, గుప్పెడు వేపాకు పొడి వేయండి. నెల్లూరోళ్లకు ఇసుకకు కొదవ లేదు, బూడిదే కరువు, అందరివీ గ్యాస్ పొయ్యిలాయె. ఇస్త్రీ బండి దగ్గర అడిగితే ఇస్తారు, అయితే అది కట్టెబొగ్గు బూడిద అయి ఉండాలి, రాతిబొగ్గుది వద్దు. బూడిద తడిస్తే చర్మాన్ని తింటుంది, తడిసిన రోజే మార్చేయండి. సున్నం పొడి అసలే కలపొద్దు.

గూట్లో దాక్కునే నల్లులు, పిడుదులు

ఇవే మొండివి. ఎర్ర నల్లి ఎండాకాలపు వెచ్చదనంలో వారం, పది రోజుల్లో గుడ్డు నుంచి పెద్దదవుతుంది. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి సందులో బతికే ఉంటుంది. పిడుదు ఇంకా ఘనం, ఏడాది దాటినా ఆకలికి ఓర్చుకుంటుంది. ‘కోళ్లన్నీ చచ్చిపోయాయి, గూడు ఆర్నెల్లు ఖాళీగానే ఉంది, కొత్తవి తెచ్చినా మళ్లీ అదే’ అంటారు చూడండి, కారణం ఇదే. పిడుదు కాటుతో కోళ్లకు ప్రాణం తీసే జ్వరం కూడా అంటుకుంటుంది.

ముందు కోళ్లను కొన్ని రాత్రులు వేరే చోట పడుకోబెట్టండి. ఖాళీ గూట్లోంచి గడ్డి, పెంట, పాత గోనెపట్టాలు అన్నీ తీసి కాల్చండి. దండెలు ఊడదీసి మరిగే నీళ్లు పోయండి, చివర్లు ముఖ్యం. వెదురు గంపలయితే అల్లిక సందుల్లో వేడినీళ్లు పోసి రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నపు ఎండలో బోర్లించండి. రోహిణి కార్తె ఎండ ఇక్కడ మనకు పనికొస్తుంది. తర్వాత పశువైద్యుడు రాసిచ్చిన మందు, మామూలుగా డెల్టామెత్రిన్, సీసా మీద రాసిన పాళ్లలోనే కలిపి ఖాళీ గూటి సందుల్లోకి కొట్టండి. మూతికి గుడ్డ, చేతికి తొడుగు తప్పనిసరి. పూర్తిగా ఆరాకే కోళ్లను రానివ్వాలి. వారం, పది రోజులకు ఇంకోసారి.

చివరగా పగుళ్లు పూడ్చాలి. మట్టిగోడకు సిమెంటో బంకమట్టో మెత్తి, పైన చిక్కగా సున్నం వేయండి. సున్నం బాగా ఆరనివ్వండి. నన్నడిగితే ఈ మొత్తం పనిలో మందు కంటే పగుళ్లు పూడ్చడమే ఎక్కువ మేలు. ఇల్లు లేని నల్లి ఎక్కడ దాక్కుంటుంది? మళ్లీ కట్టుకునే అవకాశం ఉంటే చెక్క గూడు బదులు ఇనుప చువ్వలది చేయించండి, దండెలు ఊడి వచ్చేట్టు పెట్టించండి.

కాళ్ల మీద పొలుసులు లేస్తే

మోకాలి కింద నున్నగా ఉండాల్సిన పొలుసులు పైకి లేచి, వాటి కింద తెల్లగా సున్నం పేరుకున్నట్టు గరుకుగా తయారైతే వయసు మీదపడిందనుకుంటారు. అది కంటికి కనబడనంత చిన్న నల్లి పొలుసుల కింద తొలుచుకుపోవడం వల్ల వచ్చేది. వదిలేస్తే వేళ్లు వంకర్లు పోయి కుంటుతుంది.

గోరువెచ్చని సబ్బునీళ్లలో పది నిమిషాలు కాళ్లు నానబెట్టండి. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా, పైనుంచి కిందికి రుద్దండి. ఊడొచ్చిన పొట్టు పోనివ్వండి, గట్టిగా ఉన్నదాన్ని పీకితే రక్తం వస్తుంది. తుడిచి ఆరాక వేపనూనె కలిపిన కొబ్బరినూనె గానీ, వాజ్‌లైన్ గానీ పొలుసుల కిందికి పోయేలా దట్టంగా పట్టించండి. గాలి ఆడక నల్లి చస్తుంది. రెండు మూడు రోజులకొకసారి చొప్పున కనీసం మూడు నాలుగు వారాలు చేయాలి. పాత పొలుసు రాలి కొత్తది రావడానికి నెలలు పడుతుంది, అందాకా కాలు వికారంగానే ఉంటుంది. టెన్షన్ పడొద్దు. తగ్గకపోతే ఐవర్‌మెక్టిన్ వాడాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. బండి ఇంజిన్ ఆయిలు, డీజిలు పూయడం మాత్రం ఆపండి.

తురాయి మీద బొబ్బలు

తురాయి మీద, కంటి రెప్పల మీద, ముక్కు మొదట్లో చిన్న పొక్కులు లేచి నల్లటి పెచ్చులు కడితే ‘అమ్మోరు పోసింది, వేపమండ కట్టు బిడ్డా’ అంటారు అవ్వలు. వేపమండ వల్ల నష్టం లేదు, కట్టండి. కాకపోతే దీన్ని తెచ్చేది ఎక్కువగా దోమ. ఇది కోళ్ల మశూచి (ఫౌల్ పాక్స్) అనే వైరస్ రోగం, ఆ వైరస్‌ను చంపే మందు లేదు. పిల్లలకొచ్చే ఆటలమ్మ వేరు, ఇది మనుషులకు అంటదు. చాలా కోళ్లు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే కోలుకుంటాయి.

మరి చచ్చిపోయేవి ఎందుకు చస్తాయి? పెచ్చుల వల్ల రెండు కళ్లూ మూసుకుపోయి, ఎదురుగా ఉన్న గింజ కనబడక, ఆకలికి. అందుకే వైద్యం అంటే ఇక్కడ కళ్లు తెరిపించడం, తినిపించడం. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో చెంచాకు కాస్త తక్కువ ఉప్పు కలిపి, శుభ్రమైన దూది ముంచి మూసుకున్న రెప్పల మీద రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. పెచ్చు మెత్తబడి రెప్ప విడితే సరే, విడకపోతే సాయంత్రం మళ్లీ. గోటితో పీకొద్దు. రెప్పలకు దూరంగా ఉన్న పొక్కుల మీద బీటాడిన్ అద్దితే చీము పట్టదు. పసుపు, వేపాకు ముద్ద పెట్టినా పరవాలేదు. కళ్లు కనబడనన్నాళ్లూ మెత్తటి అన్నం, తడిపిన తవుడు చిన్న ముద్దలు చేసి నోటికి అందించండి, ముక్కును నీళ్ల గిన్నె అంచుకు తాకించండి. ఒకసారి తాకిస్తే తనే తాగుతుంది.

నోరు తెరిచి చూస్తే లోపల పచ్చటి పొర కట్టి, ఊపిరి గరగరమంటుంటే ఇంట్లో ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాలిన పెచ్చుల్లో వైరస్ నెలల తరబడి బతుకుతుంది, ఊడ్చి కాల్చేయండి. మిగతా కోళ్లకు ఇంకా రాకపోతే ఆసుపత్రిలో టీకా వేయించవచ్చు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క పొరకు వేస్తారు. చిప్పల్లో, టైర్లలో నిలిచిన నీళ్లు పారబోయడం టీకా అంత ముఖ్యం.

ఈకలు పోతే అన్నీ రోగాలు కావు

ఏడాది దాటిన కోడి పొద్దు తగ్గే నెలల్లో ఈకలు రాల్చుకుంటుంది. తల నుంచి మొదలై మెడ, ఒళ్లు, చివరికి తోక. రెండు మూడు నెలలు గుడ్లు ఆపేస్తుంది. చర్మం ఎర్రబడదు, ఖాళీ అయిన చోట ముళ్లలాంటి కొత్త ఈకలు మొలుస్తుంటాయి. మందు అక్కర్లేదు. ఉడికించిన శనగలు, ఎండు చేపల పొడి పెట్టండి, ఉప్పు చేపలు వద్దు. ఆ మొలకలు నొప్పి పెడతాయి కాబట్టి ఎత్తుకోవడం తగ్గించండి.

వీపు మీద మాత్రమే ఈకలు పోయి బోసిగా ఉంటే అది పుంజు ఎక్కడం వల్ల. పెట్టను వేరు పెట్టండి, పుంజు గోళ్ల మొన అరగదీయండి. తోక దగ్గర ఊడి రక్తం కనబడుతుంటే తోటి కోళ్లు పొడుస్తున్నాయని. ఇరుకు, ఎండ, మాంసకృత్తులు చాలని మేత కారణాలు. ఎరుపు కనబడితే కోళ్లన్నీ అక్కడే పొడుస్తాయి. దెబ్బ తగిలినదాన్ని వెంటనే వేరు చేసి, ఉప్పునీళ్లతో కడిగి బీటాడిన్ వేయండి. ఊదారంగు జెన్షన్ వయొలెట్ పూస్తే ఎరుపు కనబడదు, అది అదనపు లాభం. వానాకాలంలో పుండు మీద ఈగ వాలి పురుగులు పడితే చిమటాతో ఒక్కొక్కటీ తీయాలి, లోతుగా ఉంటే డాక్టరు పని.

ఇంట్లో ఉన్న చర్మపు క్రీములు రాయొద్దు. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, బొబ్బల మీద రాస్తే రోగాన్ని ముదరబెడుతుంది. మొద్దుబార్చే లిగ్నోకెయిన్ కలిసిన మలాములు కూడా కోళ్లకు ప్రమాదమే.

అరికాల్లో నల్ల పెచ్చుతో గడ్డ లేస్తే మెగ్నీషియం సల్ఫేట్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో రోజూ పావుగంట నానబెట్టి, బీటాడిన్ పెట్టి గుడ్డ కట్టండి. బ్లేడుతో కోసే ధైర్యం చేయకండి. ఎత్తైన చోటు నుంచి గచ్చు మీదికి దూకడం మాన్పించి, దండె అంచులు నున్నగా చెక్కించండి.

కడుపు, ఎండ

మూడు నుంచి ఆరు వారాల పిల్లలు మునగదీసుకుని, రెట్టలో రక్తం పడితే అది రక్తపారుడు, ఒక రోజు కూడా ఆలస్యం చేయకూడదు. డాక్టరు ఆంప్రోలియం రాస్తే అది వాడినన్నాళ్లూ బలానికని బీ కాంప్లెక్స్ కలపొద్దు, మందు పనిచేయదు. నట్టల మందు బరువును బట్టి ఇవ్వాలి, అందాజాగా పోయొద్దు. లోపలికి ఏ మందు ఇచ్చినా గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో ఆ రోజే అడిగి రాసిపెట్టుకోండి.

మే నెలలో కోడి నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు దూరం పెట్టుకుంటే నీడకు తెచ్చి, కాళ్లు చల్లటి నీళ్లలో ఉంచి, ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు పెట్టండి. ఐసునీళ్లు పోయకండి.

ఇంటి వైద్యం పనికిరానివి

మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ పారుడు, కాళ్లు చచ్చుబడటం కొక్కెర రోగపు లక్షణాలు. తల ఉబ్బి తురాయి నీలంగా మారినా, ఒకటి రెండు రోజుల్లో వరసబెట్టి చచ్చినా బర్డ్ ఫ్లూ అనుమానించాల్సిందే. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చనిపోతే నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు పంపి బర్డ్ ఫ్లూ అని తేల్చారు. ఇలాంటప్పుడు కోడిని ఒట్టి చేతులతో ముట్టొద్దు, కోసి కూర వండొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. పశువుల ఆసుపత్రికి గానీ 1962 నంబరుకు గానీ ఫోన్ చేయండి. చచ్చినదాన్ని కాలువలో విసరకుండా, డాక్టరు చూశాక లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. మిగిలినవాటిని ఆ వారం సంతకు పట్టుకెళ్లకండి.